విదేశంలో స్మార్ట్‌వాచీ చార్జ్ కావడం లేదా? తప్పు ఎక్కడుందో ఇలా వెతకండి

సూరత్‌లోని లింబాయత్, ఉధ్నా, పాండేసరా వైపు వెళ్తే తెలుగు మాట వింతేమీ కాదు. కరీంనగర్, సిరిసిల్ల, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి మగ్గం పని వెతుక్కుంటూ వచ్చిన కుటుంబాలు ఇక్కడ సాంచాల మీద, డైయింగ్ మిల్లుల్లో, బట్టల మార్కెట్లలో కుదురుకున్నాయి. అవే జిల్లాల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవారూ ఎక్కువే. అందుకే ఒకే కుటుంబంలో ఒకరు సూరత్‌లో, మరొకరు దుబాయ్‌లో ఉండటం మామూలే. ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ విమానాలు 2019లో షార్జాకు, 2023 డిసెంబరులో దుబాయ్‌కి, 2024 డిసెంబరులో బ్యాంకాక్‌కు నేరుగా సూరత్ నుంచే మొదలయ్యాయి. విదేశీ ప్రయాణమంటే ముందు ముంబయి రైలెక్కాల్సిన అవసరం కొంత తగ్గింది. చేతికి స్మార్ట్‌వాచీ పెట్టుకుని విమానమెక్కే వారిలో వ్యాపారులే కాదు, కొడుకునో కూతురినో చూసి రావడానికి వెళ్లే పెద్దవాళ్లూ ఉన్నారు.

ఇలాంటి ప్రయాణాల్లో తరచూ వినిపించే ఫిర్యాదు ఒకటుంది. సూరత్‌లో బాగా పనిచేసిన వాచీ అక్కడికి వెళ్లిన రెండో రోజుకే నల్లబడిపోతుంది. చార్జర్ పెట్టినా ఎక్కదు. వెంటనే వచ్చే మాట: ‘ఇక్కడి కరెంటు మన వాచీకి పడటం లేదు’. అలా అనుకుని వాచీని పెట్టెలో పడేస్తారు, లేదా అక్కడి దుకాణంలో పనికిరాని వస్తువులు కొంటారు. కొందరైతే ఎంత దొరికితే అంత శక్తిమంతమైన చార్జర్‌కు తగిలించి ఉన్న వాచీని కూడా పోగొట్టుకుంటారు. నిజానికి ఆ దేశపు కరెంటు వల్ల వాచీ చార్జ్ కాకపోవడం చాలా అరుదు. తప్పు దాదాపుగా గోడకూ వాచీకీ మధ్య ఎక్కడో ఉంటుంది. ఎక్కువసార్లు వాచీ వెనుక భాగానికి ఆనుకుని ఉన్న ఆ చివరి అంగుళంలోనే ఉంటుంది.

వోల్టేజీ మీద అనుమానం వదిలేయండి

స్మార్ట్‌వాచీకి గోడ కరెంటు నేరుగా చేరదు. మధ్యలో ఉండే అడాప్టర్ దాన్ని 5 వోల్టుల డీసీగా మారుస్తుంది. వాచీకి తెలిసింది ఆ 5 వోల్టులే. మీ ఫోన్ అడాప్టర్ మీద చిన్న అక్షరాల్లో ‘ఇన్‌పుట్’ అని ఉన్న చోట చూడండి. 100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటే అది ప్రపంచంలో దాదాపు ఎక్కడైనా పనిచేస్తుంది. భారత్‌లో 230 వోల్టులు, 50 హెర్ట్జ్. యూఏఈ, హాంకాంగ్, థాయ్‌లాండ్, బెల్జియం కూడా కాస్త అటూఇటూగా అంతే. సౌదీలో ఫ్రీక్వెన్సీ 60 హెర్ట్జ్. అమెరికాలో 120 వోల్టులు, జపాన్‌లో 100 వోల్టులు. ఈ తేడాలన్నీ అడాప్టర్ లోపలే సర్దుకుంటాయి. కాబట్టి అమెరికా వెళ్తున్నామని వోల్టేజీ కన్వర్టర్ కొనడం వృథా. పైగా చవక కన్వర్టర్లు ఇచ్చే కరెంటు సరిగ్గా ఉండక అడాప్టర్ వేడెక్కే ప్రమాదం ఉంది. మీకు కావాల్సింది వోల్టేజీ మార్చే పరికరం కాదు, ప్లగ్ ఆకారం మార్చే ముక్క మాత్రమే.

ఆ ఆకారం దగ్గర అసలైన చిక్కులు కొన్ని ఉన్నాయి. మన ఇళ్లలో ఉండే మూడు గుండ్రటి పిన్నుల ప్లగ్‌ను టైప్-డి అంటారు. యూఏఈ, సౌదీ, ఖతార్, సింగపూర్, హాంకాంగ్, బ్రిటన్‌లలో మూడు బల్లపరుపు పిన్నుల టైప్-జి. మన ఫోన్ చార్జర్లకు ఉండే రెండు గుండ్రటి పిన్నులు టైప్-సికి దగ్గరగా ఉంటాయి. (గోడ ప్లగ్‌లో టైప్-సి వేరు, యూఎస్‌బీ టైప్-సి వేరు. దుకాణంలో అడిగేటప్పుడు ఈ పేరు దగ్గరే చాలామంది తికమక పడతారు.)

గల్ఫ్ గదుల్లో పాత అలవాటు ఒకటుంది. టైప్-జి సాకెట్ పై రంధ్రంలో పెన్నో, స్క్రూడ్రైవరో దూర్చి, కింది రంధ్రాల మూతలు తెరిచి, అందులో మన రెండు పిన్నుల చార్జర్ నెట్టేయడం. ఎందరో చేస్తారు కాబట్టి తప్పు లేదనిపిస్తుంది. కానీ ఆ మూతలు ఉన్నదే పిల్లల వేళ్లు, లోహపు వస్తువులు లోపలికి పోకుండా ఆపడానికి. పైగా గుండ్రటి పిన్ను ఆ చదరపు రంధ్రంలో గట్టిగా పట్టుకోదు. వదులుగా తగిలే చోట నిప్పురవ్వలు లేస్తాయి, సాకెట్ వేడెక్కుతుంది. ‘చార్జ్ మొదలై ఆగిపోతోంది’ అనే ఫిర్యాదుకు ఇది ఒక కారణం కూడా. చిన్న టైప్-జి అడాప్టర్‌కు పెద్ద ఖర్చేమీ కాదు.

ఆంట్‌వర్ప్ వెళ్లే వజ్రాల వ్యాపారులకు ఎదురయ్యేది మరో రకం ఇబ్బంది. బెల్జియం సాకెట్ గోడలోకి గుండ్రంగా గుంట తీసినట్టు ఉంటుంది. మన చార్జర్ పిన్నులు ఆ రంధ్రాలకు సరిపోయినా, చార్జర్ ఒళ్లు వెడల్పుగా ఉంటే గుంట అంచుకు తగిలి ఆగిపోతుంది. పిన్నులు సగమే దిగుతాయి. చూడటానికి పెట్టినట్టే ఉంటుంది, కరెంటు మాత్రం రాదు. థాయ్‌లాండ్ హోటళ్ల సాకెట్లు చాలావరకు గుండ్రటి పిన్నులనూ, అమెరికా తరహా బల్లపరుపు పిన్నులనూ రెండింటినీ తీసుకుంటాయి కాబట్టి అక్కడ తిప్పలు తక్కువ.

ఇంకొకటి, ఎవరూ అనుమానించనిది: హోటల్ గది కార్డు. తలుపు పక్కన కార్డు పెడితేనే గదికి కరెంటు వచ్చే హోటళ్లలో, మీరు కార్డు తీసుకుని బయటికి వెళ్లగానే చార్జింగ్ ఆగిపోతుంది. పగలంతా తిరిగి వచ్చి చూస్తే వాచీ 12 శాతం దగ్గరే ఉంటుంది. ఫ్రిజ్ ఆగకుండా నడుస్తుంటే అది తగిలించిన సాకెట్‌కు వేరే లైన్ ఉందని అర్థం. దాని పక్కన ఖాళీ సాకెట్ ఉంటే చార్జర్ అక్కడ పెట్టి చూడండి. యూఏఈ సాకెట్లకు మనలాగే స్విచ్చులు ఉంటాయి, అవి వేశారో లేదో చూసుకోవాలి. యూరప్, అమెరికా, జపాన్ గోడ సాకెట్లకు మామూలుగా స్విచ్చు ఉండదు. వెతక్కండి.

ముందుగా అరగంట ఆగండి

వాచీ పూర్తిగా అడుగంటిపోయి ఉంటే చార్జర్ పెట్టగానే తెర వెలగదు. బ్యాటరీ కనీస స్థాయికి చేరేవరకు లోపలి సర్క్యూట్ చాలా తక్కువ కరెంటు మాత్రమే తీసుకుంటుంది. పది నిమిషాలు పట్టొచ్చు, అరగంటా పట్టొచ్చు. ఈలోగా పదిసార్లు తీసి పెట్టడం వల్ల జరిగేది ఆలస్యమే. అరగంట తర్వాత కూడా ఉలుకూ పలుకూ లేకపోతే, చార్జర్ మీదే ఉంచి వాచీ బటన్‌ను 10-15 సెకన్లు నొక్కి పట్టండి. యాపిల్ వాచ్‌కైతే పక్క బటన్, తిప్పే క్రౌన్ రెండూ కలిపి లోగో కనిపించేవరకు నొక్కాలి. రెండు బటన్లున్న మిగతా వాచీల్లోనూ చాలావాటికి ఇదే పద్ధతి. లోపలి సాఫ్ట్‌వేర్ బిగుసుకుపోయి చార్జింగ్ గుర్తు చూపించని సందర్భాల్లో ఇది పనిచేస్తుంది.

అదీ కాకపోతే ఒక్కొక్క భాగాన్నే మార్చి చూడాలి. అదే అడాప్టర్‌కు ఫోన్ పెట్టండి. ఫోన్ ఎక్కితే గోడ, ప్లగ్, అడాప్టర్ మూడూ నిర్దోషులు. ఇక మిగిలింది వాచీ కేబుల్, వాచీ. కేబుల్‌ను ల్యాప్‌టాప్‌కో, టీవీ వెనుక ఉండే యూఎస్‌బీ రంధ్రానికో పెట్టి చూడండి. అక్కడ చార్జ్ అయితే ఆ కేబుల్‌కూ మీ అడాప్టర్‌కూ పొత్తు కుదరడం లేదని తెలుస్తుంది. రెండు భాగాలు ఒకేసారి మారిస్తే ఏది తప్పో ఎప్పటికీ తేలదు.

చార్జ్ 80 శాతం దగ్గర ఆగితే అది చాలాసార్లు జబ్బు కాదు. బ్యాటరీ ఆయుష్షు కోసం కొన్ని వాచీలు అక్కడ కావాలనే ఆగుతాయి. ఒళ్లు వేడిగా ఉన్నా ఆగుతాయి. అలాగే యాపిల్ వాచ్ సిరీస్ 7 నుంచి వేగంగా చార్జ్ కావాలంటే దానికి తగిన యూఎస్‌బీ-సి కేబుల్ ఉండాలి. ఇంట్లో దొరికిన పాత కేబుల్ తీసుకెళ్తే గంటలో కావాల్సింది రెండు గంటలు పడుతుంది. అది విదేశం వల్ల కాదు.

ఆ చివరి అంగుళం

వాచీ చార్జర్లు స్థూలంగా రెండు జాతులు. తీగ లేకుండా, అయస్కాంతపు బిళ్ల మీద పెడితే చార్జ్ అయ్యేవి ఒకటి. యాపిల్ వాచ్, శాంసంగ్ గెలాక్సీ వాచ్ ఈ రకం. లోహపు చుక్కలు, వాటికి తగిలే పిన్నులతో చార్జ్ అయ్యేవి రెండోది. నాయిస్, బోట్, ఫైర్‌బోల్ట్ లాంటి మన మార్కెట్లోని చవక వాచీలు ఎక్కువగా ఇవే. గార్మిన్‌కు దాని సొంత ప్లగ్ ఉంది. గూగుల్ పిక్సెల్ వాచ్ అయితే మొదటి తరంలో తీగలేని పద్ధతి, రెండో తరంలో పిన్నులు. అంటే ఒకే కంపెనీ, ఒకే పేరు, అయినా ఒకదాని చార్జర్ రెండోదానికి పనికిరాదు.

తీగలేని రకంలో అందరూ పడే పొరపాటు ఫోన్ చార్జింగ్ ప్యాడ్‌ను నమ్ముకోవడం. హోటల్ బల్ల మీదో, విమానాశ్రయం లాంజ్‌లోనో ఉండే మామూలు ప్యాడ్ మీద యాపిల్ వాచ్ చార్జ్ కాదు. గెలాక్సీ వాచ్‌లు కూడా చాలాసార్లు కావు. వాటి వెనుక భాగం వంపుకు, లోపలి చిన్న కాయిల్‌కు సరిపోయే బిళ్ల కావాల్సిందే. కొత్త బిళ్ల మీద అతికించిన పారదర్శక ప్లాస్టిక్ పొర తీయకపోయినా, వాచీకి తొడిగిన కవచం అడ్డొచ్చినా, తెరుచుకోని స్టీలు పట్టీ వల్ల వాచీ బల్లపరుపుగా కూర్చోకపోయినా చార్జింగ్ ఎక్కడం, ఆగడం, మళ్లీ ఎక్కడం జరుగుతుంది.

పిన్నుల రకానిది వేరే కథ, సూరత్ వాళ్లకు ఇది మరీ బాగా తెలియాలి. సాంచాల షెడ్డులో గాలి నిండా నూలు, పాలిస్టర్ దుమ్ము. దానికి చెమట, యంత్రపు నూనె కలిస్తే వాచీ వెనుక లోహపు చుక్కల మీద సన్నటి జిగురు పొర ఏర్పడుతుంది. కంటికి సరిగా కనిపించదు కూడా. ఇంట్లో ఉన్నప్పుడు వాచీని అటూఇటూ జరిపి ఎలాగో చార్జ్ చేసుకుంటాం. దారిలో, విమానం సీటు దగ్గర, కదిలే చోట ఆ పొర తన పని చూపిస్తుంది. ఇంకో సంగతి, చార్జర్ కొనలో అయస్కాంతం ఉంటుంది కాబట్టి యంత్రాల దగ్గర సన్నటి ఇనుప రజను దానికి అతుక్కుంటుంది. రెండు పిన్నుల మధ్య ఆ రజను వంతెనలా నిలిస్తే షార్ట్ అవుతుంది. చార్జర్ కొన కాలినట్టు నల్లబడిందంటే ఇది అనుమానించాల్సిందే.

శుభ్రం చేయడం కష్టమేమీ కాదు. కేబుల్‌ను కరెంటు నుంచి తీసేయండి. దూది పుల్లకు కాస్త ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది వాచీ చుక్కలు, చార్జర్ పిన్నులు తుడవండి. అది దొరక్కపోతే పొడి మెత్తటి టూత్‌బ్రష్ చాలు. పిన్నులు వేలితో నొక్కితే లోపలికి వెళ్లి తిరిగి పైకి రావాలి. ఒకటి లోపలే ఇరుక్కుంటే చార్జ్ కాదు. మెల్లగా నాలుగైదుసార్లు నొక్కి వదిలితే చాలాసార్లు లేస్తుంది. సూదితో, బ్లేడుతో గీకొద్దు. పైనున్న బంగారు పూత పోతే అక్కడి నుంచి తుప్పు మొదలవుతుంది. తడి ఆరకముందే చార్జర్ పెట్టడం వల్ల కూడా అంతే. తేమ ఉన్న చోట కరెంటు పారితే లోహం తినుకుపోతుంది, పచ్చటి మరక పడుతుంది. డూమస్ బీచ్‌లో అయినా పట్టాయాలో అయినా సముద్రంలో దిగి వస్తే ముందు వాచీ వెనుక భాగాన్ని మంచినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాకే చార్జర్ దగ్గరికి తీసుకెళ్లాలి.

ఇప్పుడు అసలు ప్రమాదం గురించి. రెండు పిన్నుల కేబుల్ పోతే, ‘అన్నీ ఒకటేలే’ అని పక్క గది స్నేహితుడి కేబుల్ అడుగుతారు. అన్నీ ఒకటి కావు. పిన్నుల మధ్య దూరం కొన్నింటికి 2.84 మిల్లీమీటర్లు, కొన్నింటికి 4 మిల్లీమీటర్లు. దూరం సరిపోయినా ఏది ప్లస్, ఏది మైనస్ అన్నది తిరగబడి ఉండొచ్చు. మంచి వాచీలో దానికి రక్షణ సర్క్యూట్ ఉంటుంది, చవకదానిలో ఉంటుందని చెప్పలేం. అయస్కాంతం వాచీని తోసేస్తుంటే అది మీది కాదని చెబుతున్నట్టే. బలవంతంగా అదిమి పట్టకండి. అయస్కాంతం అతుక్కున్నంత మాత్రాన అది సరైనదని కూడా అర్థం కాదు. మోడల్ పేరు ఒకటే అయితేనే వేరేవాళ్ల కేబుల్ వాడండి.

అన్ని వాచీలకూ ఒకే చార్జర్ ఎందుకు లేదన్న ప్రశ్న సహజం. యూరోపియన్ యూనియన్ 2024 డిసెంబరు 28 నుంచి ఫోన్లు, ట్యాబ్లెట్లు, ఇయర్‌బడ్స్, కెమెరాల లాంటి వాటికి యూఎస్‌బీ-సి తప్పనిసరి చేసింది. ఆ జాబితాలో స్మార్ట్‌వాచీలు లేవు. అంత చిన్న ఒంటిలో ఆ రంధ్రానికి చోటుండదు, నీళ్లు పోకుండా కాపాడటమూ కష్టం. మన దేశంలోనూ కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో ఫోన్లకు ఉమ్మడి చార్జర్ గురించి చర్చించినప్పుడు, చేతికి ధరించే పరికరాల సంగతి విడిగా చూడాలని తేల్చింది. ఫలితం మన ముందే ఉంది. ఫోన్ కేబుల్ మరిచిపోతే ప్రపంచంలో ఏ కిరాణా కొట్టులోనైనా దొరుకుతుంది. వాచీ కేబుల్ మరిచిపోతే, ముఖ్యంగా భారతీయ బ్రాండ్‌దైతే, దుబాయ్‌లోని పెద్ద మాల్‌లో కూడా దొరుకుతుందన్న నమ్మకం లేదు.

పవర్ బ్యాంకు ఎందుకు ఆరిపోతుంది

పవర్ బ్యాంకుకు వాచీ పెడితే ఒక నిమిషం చార్జ్ అయి ఆగిపోతుంది. మళ్లీ బటన్ నొక్కితే మళ్లీ నిమిషం. చాలామంది వాచీ పోయిందనుకుంటారు. నిజానికి పవర్ బ్యాంకు తనకు ఏమీ తగిలించలేదనుకుని నిద్రపోతోంది. ఫోన్ తీసుకునే కరెంటుతో పోలిస్తే వాచీ తీసుకునేది చాలా తక్కువ. చాలా పవర్ బ్యాంకులు కరెంటు 50-100 మిల్లీఆంపియర్ల కంటే తగ్గితే తమంతట తామే ఆగిపోయేలా తయారవుతాయి. వాచీ నిండబోతున్నప్పుడు సరిగ్గా ఆ గీత కిందికే వస్తుంది.

దీనికి మందు పవర్ బ్యాంకులోనే ఉండొచ్చు. షావొమీ, యాంకర్ లాంటి కంపెనీల మోడళ్లలో కొన్నింటికి తక్కువ కరెంటు మోడ్ ఉంది. బటన్‌ను రెండుసార్లు వెంటవెంటనే నొక్కితేనో, రెండు సెకన్లు పట్టుకుంటేనో అది మొదలవుతుంది. మీ మోడల్‌కు ఏదో దాని కాగితంలో ఉంటుంది. అది లేకపోతే అదే పవర్ బ్యాంకు రెండో రంధ్రానికి ఫోన్ కూడా తగిలించండి. మొత్తం కరెంటు పెరిగి అది మేల్కొని ఉంటుంది.

పవర్ బ్యాంకే లేకపోతే? మీ జేబులోనే ఒకటుంది. వాచీ బ్యాటరీ సామాన్యంగా 200 నుంచి 500 ఎంఏహెచ్ మధ్య. ఫోన్‌లో 5000 ఎంఏహెచ్ ఉంటుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌కు చిన్న ఓటీజీ ముక్క పెట్టి, దానికి వాచీ కేబుల్ తగిలిస్తే చార్జ్ అవుతుంది. ఒప్పో, రియల్‌మీ, వన్‌ప్లస్ ఫోన్లలో సెట్టింగుల్లోకి వెళ్లి ఓటీజీ ఆన్ చేయాల్సి రావొచ్చు. ఐఫోన్ 15, ఆ తర్వాతి మోడళ్ల కింది రంధ్రానికి యూఎస్‌బీ-సి వాచ్ కేబుల్ నేరుగా పెట్టి యాపిల్ వాచ్ చార్జ్ చేసుకోవచ్చు. వైర్‌లెస్ పవర్‌షేర్ ఉన్న శాంసంగ్ ఫోన్ల వీపు మీద గెలాక్సీ వాచ్ పెడితే చాలు, కేబుల్ కూడా అక్కర్లేదు. ఫోన్‌లో చార్జ్ బాగా తగ్గి ఉంటే మాత్రం ఆ సదుపాయం పనిచేయదు. పది గంటల లేఓవర్‌లో చిక్కుకున్నవారికి ఈ పేరా ఒక్కటీ చాలు.

కొత్త హోటళ్లలో, కొత్త విమానాల్లో గోడకు యూఎస్‌బీ-సి రంధ్రాలే ఉంటున్నాయి. మన చవక వాచీల కేబుల్‌కు మరో చివర పాత యూఎస్‌బీ-ఏ ఉంటుంది. మధ్యలో పెట్టే మార్పిడి ముక్క నాసిరకందైతే కరెంటే రాదు. యూఎస్‌బీ-సి రంధ్రం అవతల ఏదో పరికరం ఉందని గుర్తించేవరకు కరెంటు వదలదు. ఆ గుర్తింపుకు కావాల్సిన చిన్న రెసిస్టర్ ముక్కలో ఉండాలి. రూపాయో రెండో ఆదా చేయడానికి దాన్ని తీసేసే తయారీదారులున్నారు.

65 వాట్లు, 80 వాట్లు అని రాసి ఉన్న ఫాస్ట్ చార్జర్ పెడితే వాచీ కాలిపోతుందా? ప్రమాణాల ప్రకారం తయారైన చార్జర్ అవతలి పరికరం అడిగితే తప్ప 5 వోల్టులు దాటదు. వాచీ అడగదు. కానీ ఊరూ పేరూ లేని ఫాస్ట్ చార్జర్ ఆ మర్యాద పాటిస్తుందని నమ్మలేం. 5 వోల్టులు, 1 ఆంపియర్ ఇచ్చే పాతకాలపు బుల్లి ఫోన్ అడాప్టర్ ఇంట్లో మూల పడి ఉంటే వాచీకి అదే సరైన జోడీ. భారత్‌లో కొంటే వెనుక బీఐఎస్ గుర్తు, దాని కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉన్నాయేమో చూడండి.

విమానాశ్రయాల్లో యూఎస్‌బీ రంధ్రాల ద్వారా సమాచారం దొంగిలిస్తారన్న భయం గురించి ఒక్క మాట. రెండు పిన్నుల వాచీ కేబుల్‌లో సమాచారం వెళ్లే తీగలే పనిచేయవు, కరెంటు మాత్రమే వెళ్తుంది. నాలుగు పిన్నులున్న గార్మిన్ లాంటివాటికి ఆ తీగలు ఉంటాయి. అనుమానముంటే సొంత అడాప్టర్ వాడండి.

విమానంలో నిబంధనలు మారాయి

పవర్ బ్యాంకును చెకిన్ పెట్టెలో పెట్టకూడదు, చేతి సంచిలోనే ఉండాలి. 100 వాట్-అవర్ల వరకు సాధారణంగా అనుమతిస్తారు. 100 నుంచి 160 మధ్య అయితే విమానయాన సంస్థ అనుమతి కావాలి. 20,000 ఎంఏహెచ్ అని రాసి ఉన్నది 3.7 వోల్టుల లెక్కన 74 వాట్-అవర్లు, కాబట్టి హద్దులోనే ఉంటుంది. అంకె చెరిగిపోయిన పవర్ బ్యాంకును భద్రతా సిబ్బంది తీసేసుకునే అవకాశం ఉంది.

2025 జనవరిలో దక్షిణ కొరియాలోని గిమ్హే విమానాశ్రయంలో ఎయిర్ బుసాన్ విమానం మంటల్లో కాలిపోయాక చాలా సంస్థలు మరింత కఠినంగా మారాయి. థాయ్ ఎయిర్‌వేస్ 2025 మార్చి నుంచి, సింగపూర్ ఎయిర్‌లైన్స్ ఏప్రిల్ నుంచి విమానంలో పవర్ బ్యాంకు వాడకాన్ని ఆపేశాయి. ఎమిరేట్స్ 2025 అక్టోబరు 1 నుంచి ఒక్కొక్కరికి ఒక్క పవర్ బ్యాంకు మాత్రమే అనుమతిస్తోంది, అదీ ప్రయాణంలో వాడకూడదు. సీటు పైన అరలో కూడా పెట్టనివ్వరు. అంటే దారిలో పవర్ బ్యాంకుతో వాచీ చార్జ్ చేసుకుందామన్న పథకం ఇప్పుడు చాలా విమానాల్లో కుదరదు. టికెట్ తీసుకున్న సంస్థ నిబంధన ఏమిటో బయల్దేరే వారంలో ఒకసారి చూసుకోండి. సీటు ముందున్న యూఎస్‌బీ రంధ్రం ఉంటే వాచీకి అది చాలినంత ఇస్తుంది. దిగేలోగా నిండాలంటే భోజనం ముందే పెట్టండి, చివరి గంటకు వదలకండి.

వేడి, చలి, ఉబ్బిన బ్యాటరీ

లిథియం బ్యాటరీకి ఎండలోనూ మంచులోనూ చార్జింగ్ పడదు. యాపిల్ తన వాచీని 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమంటుంది. జూన్‌లో దుబాయ్ కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టి చార్జ్ చేస్తే అది ఆగిపోవడం తనను తాను కాపాడుకోవడమే. నీడకు తెచ్చి, పట్టీ విప్పి, పావుగంట చల్లారనివ్వండి. ఫ్రిజ్‌లో పెట్టకండి, లోపల తేమ పడుతుంది. జనవరిలో న్యూజెర్సీకి కూతురి దగ్గరికి వెళ్లిన పెద్దలకు దీనికి వ్యతిరేక సమస్య. బయట గడ్డకట్టే చలిలో తిరిగి వచ్చిన వెంటనే వాచీ ఎక్కకపోతే గది వేడికి రానివ్వాలి.

ఒక లక్షణం కనిపిస్తే మాత్రం ఏ ప్రయత్నమూ చేయొద్దు. తెర ఒక పక్క లేచినట్టుండటం, వెనుక మూత ఉబ్బటం, వాచీ చేతికి చురుక్కుమనేంత వేడెక్కడం. అది బ్యాటరీ ఉబ్బుతోందనడానికి గుర్తు. చార్జర్ తీసేయండి, చేతి నుంచి విప్పేయండి. పాడైన లిథియం బ్యాటరీని విమానంలో తేకూడదు కాబట్టి ఆ ఊళ్లోని సర్వీస్ కేంద్రానికో, ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునే చోటికో ఇచ్చేయాలి. ఇది అతి జాగ్రత్త కాదు. 2022 మార్చిలో ఫిట్‌బిట్ తన అయానిక్ వాచీలను వెనక్కి పిలిపించింది. ఒక్క అమెరికాలోనే బ్యాటరీ వేడెక్కిన ఫిర్యాదులు కనీసం 115, ఒళ్లు కాలిన ఫిర్యాదులు 78 వచ్చాయి. పేరున్న కంపెనీ వాచీ సంగతే అది. కాబట్టి నిద్రపోతూ, చేతికి ఉండగానే పవర్ బ్యాంకు తగిలించడం లాంటివి మానుకోవాలి.

చార్జ్ ఎక్కినా నిలవకపోతే

ఇంట్లో వారం వచ్చే వాచీ అక్కడ రెండు రోజులకే అయిపోతుంటే చార్జర్‌ను తిట్టకండి. సిమ్ లేదా ఈ-సిమ్ ఉన్న వాచీ విదేశంలో నెట్‌వర్క్ దొరక్క రోజంతా వెతుకుతూనే ఉంటుంది. సెట్టింగుల్లో సెల్యులార్ ఆపేయండి. ఫోన్ గదిలో వదిలి బయట తిరిగితే బ్లూటూత్ కోసం వెతుకులాట. రోజూ పదిహేను వేల అడుగులు నడుస్తూ, జీపీఎస్ వేసి, దారి చూపించమంటే అదొక ఖర్చు. ఎప్పుడూ వెలిగే తెర, రాత్రి ఆక్సిజన్ కొలత ఆపితే తేడా మొదటి రోజే తెలుస్తుంది.

బయల్దేరే ముందు ఒక రాత్రి

బ్యాగు సర్దే రోజున ఇంట్లోనే ఒక పరీక్ష చేయండి. తీసుకెళ్లబోయే అడాప్టర్, ప్లగ్ ముక్క, కేబుల్, పవర్ బ్యాంకు మాత్రమే వాడి వాచీని 20 శాతం నుంచి పూర్తిగా చార్జ్ చేయండి. ఇంట్లో రోజూ వాడే స్టాండును ముట్టుకోవద్దు. ఏదైనా కుదరకపోతే సూరత్‌లోనే తెలుస్తుంది, కొత్త కేబుల్ ఆర్డర్ చేస్తే రెండు మూడు రోజుల్లో వస్తుంది. రెండో కేబుల్ ఒకటి కొని చేతి సంచిలో, మొదటిది పెట్టెలో ఉంచడం మంచిది. పెట్టె ఆలస్యమైనా వాచీ ఆగదు. వాచీ మోడల్ సంఖ్య, కేబుల్ కొన ఫొటో ఫోన్‌లో ఉంచుకోండి. పోయినప్పుడు ఎవరినైనా తెమ్మనడానికి అదే ఆధారం. గల్ఫ్‌లో ఉన్నవారికి ఈ పద్ధతి కొత్త కాదు. ఊరి నుంచి ఎవరు వస్తున్నా పచ్చళ్లతో పాటు ఇలాంటి చిన్న వస్తువులు తెప్పించుకోవడం ఎప్పుడూ ఉన్నదే.

అక్కడి దుకాణంలో కొనాల్సి వస్తే వాచీని తీసుకెళ్లి, అక్కడే తగిలించి, చార్జింగ్ గుర్తు రెండు నిమిషాలు నిలిచిందో లేదో చూసి డబ్బివ్వండి. వాచీనే బాగు చేయించాల్సి వస్తే తొందరపడొద్దు. భారత్‌లో కొన్న చవక వాచీల వారంటీ సేవ సాధారణంగా ఇక్కడికే పరిమితం. అక్కడ మూత తెరిపిస్తే ఆ హక్కు పోవచ్చు, నీళ్లు పోకుండా వేసిన సీలు కూడా పోతుంది.

గుండె లయ తప్పితే హెచ్చరించే సదుపాయం కోసమో, కింద పడితే ఇంటివాళ్లకు కబురు పంపుతుందనో పెద్దవాళ్లకు వాచీ పెట్టి పంపేవారు ఈ పరీక్షను వాళ్ల చేతనే చేయించాలి. చార్జర్ ఎలా పెట్టాలో సూరత్‌లో కొడుకుకు తెలిసి, షార్జాలో ఒంటరిగా గదిలో ఉన్న తల్లికి తెలియకపోతే ప్రయోజనం లేదు. రోజూ ఒకే వేళకు, స్నానానికి వెళ్లే ముందు, చేయి తుడుచుకుని చార్జర్ మీద పెట్టడం అలవాటు చేయించండి. వాచీ మధ్యలో ఆగిపోయినా పాత రీడింగులు ఎక్కడికీ పోవు, జత చేసిన ఫోన్ యాప్‌లో ఉంటాయి. యాపిల్ వాచ్ తీసిన ఈసీజీని ఐఫోన్ హెల్త్ యాప్ నుంచి పీడీఎఫ్‌గా తీసి డాక్టరుకు పంపొచ్చు. వెళ్లేముందే ఒక కాపీ తీసి, మందుల చీటీతో పాటు ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లోనూ ఉంచండి.